కాటాకి కట్టిన చీటీ

ఆయన అసలు పేరు ఆయన సంతకంలో తప్ప మరెక్కడా మిగల్లేదు. వీధి వీధంతా మిల్లీగ్రాం మేస్త్రీ అనే పిలిచేది. కాటాలు బాగుచేయడం ఆయన పని. బంగారం కొట్లో గాజుపెట్టెలో కూర్చునే సుకుమారి దగ్గర నుంచి సిమెంటు బస్తాలు మోసే మొరటు మనిషి దాకా, తూకం తప్పిన కాటా ఏదైనా ఆయన బల్ల మీదికి వచ్చి బుద్ధి తెచ్చుకుని వెళ్లేది. ముప్పై రెండేళ్లుగా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఎంత తిరిగిందో నోట్లో నాలుకా అంతే తిరిగింది.

"నేను తూచేవాణ్ణండీ, తూచ్ అనేవాణ్ణి కాదు" అని కొట్టు మెట్లెక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు. నవ్వితే సరే. నవ్వకపోతే వాళ్ల కాటా రెండు రోజులు ఆలస్యం.

ఆయనకొక జబ్బుంది. చెడిన కాటా కంటపడితే కాలు ముందుకి కదలదు. ఒకసారి స్టేషన్లో పార్సిళ్లు తూచే కాటా నలభై గ్రాములు తక్కువ చూపిస్తోందని దాని ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. రైలు వచ్చింది, వెళ్లింది. పెట్టె మీద కూర్చున్న భార్య తీరిగ్గా అంది:

"పెళ్లికి ముందు నాలో కూడా ఏదో లోపం కనిపించే ఉంటుంది మీకు. లేకపోతే ఆగేవారు కాదు."

ఆ భార్య పదో తరగతికి సైన్సు చెప్పే టీచరమ్మ. "కొలిచింది నమ్మండి, అనిపించింది నమ్మకండి" అన్నది తరగతిలో ఆమె మొదటి పాఠం, ఇంట్లో ఆఖరి మాట. పాలు విరిగాయనిపిస్తోంది అని ఆయనంటే, అనిపించడమేమిటి, మరిగించి చూడండి అనేది. కొలతల్ని నమ్మే మనిషికి కొలతలు చేసే మనిషి దొరికాడు. ఇద్దరూ సరిజోడు అనుకున్నారు అందరూ. ఒక్క విషయంలో తప్ప ఇద్దరూ కూడా అలాగే అనుకున్నారు.

వేడి చేస్తే వస్తువు బరువు పెరుగుతుందని ఆమె. తగ్గుతుందని ఆయన. పెళ్లయిన రెండో నెలలో మొదలైంది ఈ తగవు.

"ద్రవ్యరాశీ శక్తీ వేరు వేరు కాదండీ. ఒకటే సరుకుకి రెండు రూపాలు. వేడి కూడా శక్తే. ఎంత వేడి ఎక్కిస్తే అంత బరువెక్కాలి."

"ద్రవ్యరాశా? ఏ రాశో నాకు తెలీదు టీచరమ్మా. నాది తుల. మిగతా రాశులతో నాకు పని లేదు."

మాటలతో తేలక, ఇనపముక్కొకటి ఎర్రగా కాల్చి, కాస్త ఎరుపు తగ్గాక తన దగ్గరున్న అతి సున్నితమైన కాటాలో పెట్టాడు. చల్లగా ఉన్నప్పటికంటే తక్కువ చూపించింది. మేస్త్రీ మీసం మెలేశాడు.

"అది గాలి చేసే మోసం" అంది ఆమె కాటా మీదికి వంగి. "ముక్క చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తోంది. పోతూపోతూ పళ్లేన్ని కూడా కాస్త లేపుతోంది. చల్లారాకే తూచాలని మీ పని నేర్పినవాళ్లు చెప్పలేదూ?"

"చెప్పారు. మరి నువ్వు చెప్పిన పెరుగుదలేది?"

"ఉంది. మీ కాటాకి కనిపించనంత తక్కువ."

"నా కాటాకి కనిపించనిది లేనట్టే."

"కాంతి ఎంత వేగంగా పోతుందో ఆ అంకెని దానితోనే హెచ్చవేయండి. రవ్వంత పదార్థం మాయమైతే అంత శక్తి వస్తుంది. అంటే అంత శక్తి పోగేస్తే గానీ రవ్వంత బరువు పెరగదు. మీ ఇనపముక్కకి పెట్టిన సెగ ఏపాటి?"

"నువ్వు పదార్థం గురించి ఎంత చెప్పినా నాకు దక్కేది అపార్థమే" అని స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని లేచిపోయాడు మేస్త్రీ. ఇనపముక్క గంటలో చల్లారింది. తగవు మాత్రం ఇరవై ఎనిమిదేళ్లయినా చల్లారలేదు. అన్నాళ్లూ వాళ్లిద్దరికీ చలి కాచుకోవడానికి అదే పనికొచ్చింది.

తర్వాత టీచరమ్మ కడుపులో ఏదో గడ్డ పెరుగుతోందని తెలిసింది. మొదటి స్కాను తీశాక డాక్టరమ్మ మాత్రలు రాసింది. మూడేసి వారాలకొక విడత. అందరికీ ఒకటే మోతాదు.

"మాత్రలు గట్టివమ్మా" అంది డాక్టరమ్మ. "ఒళ్లు తట్టుకుంటోందో లేదో బరువు చెబుతుంది. బరువు నిలబడితే సాగిద్దాం. పడిపోతుంటే నేనే ఆపేస్తాను. నొప్పి తెలియకుండా మందులిస్తాను, ఇంట్లో ప్రశాంతంగా ఉందురు గాని."

అంటే అంతా కాటా మీద ఆధారపడింది. కాటా అంటే మేస్త్రీ.

ఇంటికి రాగానే టీచరమ్మ గ్రాఫు కాగితమొకటి బీరువా తలుపుకి అంటించింది. అడ్డంగా వారాలు, నిలువుగా కిలోలు. ప్రతి ఆదివారం పొద్దున స్నానం కాగానే ఇంట్లో ఉన్న కాటా ఎక్కడం, పెన్సిలుతో చుక్క పెట్టడం. మొదటి చుక్క యాభై ఆరు దగ్గర. రెండో వారం యాభై అయిదున్నర. మూడో వారం యాభై నాలుగు పాయింట్ ఎనిమిది. ఆ మూడో చుక్క పెట్టి ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. పొయ్యి మీద టీ పొంగి, కారి, మంట ఆరిపోయినా లేవలేదు. మేస్త్రీ వచ్చి గ్యాసు కట్టేసి, గట్టు తుడిచి, ఏదో ఒక మాట విసురుదామని నోరు తెరిచాడు. ఏదీ దొరకలేదు. ఆయన జీవితంలో అది మొదటిసారి.

నాలుగో ఆదివారం ఆమె స్నానానికి వెళ్లగానే కాటాని బోర్లా తిప్పాడు. అడుగున నాలుగు మరలు. లోపల అమరిక కొంచెం కదిపితే చాలు. ఖాళీగా ఉంటే సున్నాయే చూపిస్తుంది, ఎవరైనా ఎక్కితేనే అబద్ధమాడుతుంది. ముప్పై రెండేళ్లుగా ఇలాంటి పని చేసి పెట్టమన్న కొట్లవాళ్లని కొట్టినంత పని చేసి పంపిన చేతులు అవి. వణకలేదు. వణికితే ఆగిపోయేవాడేమో.

ఆ రోజు యాభై అయిదు పాయింట్ రెండు. టీచరమ్మ చుక్క పెట్టి, వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి చూసుకుంది.

"ఏమండీ, పెరిగాను."

"పెరగవా మరి! ఎవరి పెళ్లానివి" అన్నాడు మేస్త్రీ.

అప్పటి నుంచి వారం వారం కాటాలో చిన్న మార్పు. అబద్ధం కూడా ఆయన లెక్కగానే ఆడాడు. ఆమె దిగగానే, చూపించిన అంకెని లోలోపల భాగించి అసలు అంకె రాబట్టేవాడు. యాభై మూడు. యాభై ఒకటిన్నర. గురువు అంటే బరువైనది అని కూడా అర్థముందని ఆమె ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు ఆ గురువు తేలికైపోతున్న సంగతి ఈ భూమ్మీద ఆయనొక్కడికే తెలుసు. ఆమె దించుకున్న బరువంతా ఆయన మోస్తున్నాడు.

నవ్వొచ్చే సంగతులు కూడా జరిగాయి. పదకొండో వారం పక్కింటి పిన్ని సరదాగా కాటా ఎక్కింది. డెబ్భై మూడు. అయ్యో అయ్యో అని గుండెల మీద చెయ్యేసుకుని వెళ్లి చక్కెర మానేసింది, సాయంత్రాలు నడక మొదలెట్టింది. "మేస్త్రీ గారూ, మీ కాటా నా కళ్లు తెరిపించింది" అంది నెల తర్వాత చెంపలు పీక్కుపోయి. మేస్త్రీ ఆమె మొహం చూడలేక తన చెప్పులు చూసుకున్నాడు.

ఆస్పత్రిలో ఒక చిక్కొచ్చింది. నడవాలో ఒక కాటా ఉంది. ఆ ఆస్పత్రి కాటాలన్నిటికీ ఏటా మరమ్మతు చేసేది మేస్త్రీయే. ఒకరోజు టీచరమ్మ దాని మీద నిలబడింది. ఇంట్లో యాభై ఆరు చూపించిన మనిషికి అది యాభై ఒకటి చూపించింది. ఆమె పకపకా నవ్వింది.

"ఏమండీ, ఇలా రండి. దీనికి మీ అవసరం పడింది."

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూత తీశాడు, చూశాడు, మూశాడు. ఆ కాటా నిక్షేపంలా ఉంది. జేబులోంచి చీటీ తీసి "పనిచేయదు. మరమ్మతు చేయాలి" అని రాసి, సంతకం పెట్టి, దాని మెడకి కట్టాడు. కాటా బాగులేదని మిల్లీగ్రాం మేస్త్రీ రాశాక కాదనేదెవరు? ఆ రోజు నుంచి నర్సులు టీచరమ్మని అడిగి, ఆమె గ్రాఫులోని అంకెనే రాసుకున్నారు.

మాత్రలు మొదలై మూడు నెలలు గడిచాయి. టీచరమ్మ అరచేతులు, అరికాళ్లు తోలు ఊడి ఎర్రగా తేలాయి. గ్లాసు పట్టుకోలేదు, గుండీ పెట్టుకోలేదు. నోట్లో పుళ్లు.

"ఆపేద్దామా, ఇంకో మూడు నెలలు చూద్దామా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు టీచరమ్మ చాలాసేపు కిటికీ వైపు చూసింది. తర్వాత సంచీలోంచి గ్రాఫు తీయించి బల్ల మీద పరిపించింది. గీత నెమ్మదిగా పైకి పోతోంది.

"ఒళ్లు తట్టుకుంటోంది కదండీ" అంది ఆయన వైపు తిరిగి. ఆయన తలూపాడు.

ఆ మరో మూడు నెలలూ అయ్యాక రెండో స్కాను. ఆ పొద్దున టీచరమ్మ మొహంలో పరీక్ష రాసే పిల్ల కంగారు, పేపరు దిద్దే టీచరు సంబరం రెండూ ఉన్నాయి. నడవా బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలెట్టింది.

"ఇవాళ తేలిపోతుంది మన తగవు. చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు. జబ్బున్న చోట అది ఎక్కువ పోగవుతుంది. అందులోంచి చిన్న కణం పుట్టి, పక్కనే ఉన్న ఎలక్ట్రానుని కలుస్తుంది. కలిసిన చోట ఇద్దరూ మాయం."

"మాయమంటే? ఎక్కడికి పోతారు?"

"ఎక్కడికీ పోరు. కాంతి అయిపోతారు. కంటికి కనపడని రెండు కిరణాలు, చెరో దిక్కుకి. ఆ యంత్రం వాటిని పట్టుకుని, ఇవి ఫలానా చోట పుట్టాయని చుక్క పెడుతుంది. బరువు పోయి వెలుగు మిగలడమంటే అదే. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. ఇవాళ నా ఒంట్లోనే జరుగుతుంది చూడండి."

"ఎంత బరువు పోతుంది?"

"భయపడకండి. మీ కాటాలకి ఆనదు" అని నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చింది.

స్కాను గది టెక్నీషియన్ బయటికొచ్చింది. నడివయసు మనిషి, మేస్త్రీని ఎరుగును. "బరువు కావాలమ్మా. మందు మోతాదుకీ కావాలి, తర్వాత ప్రతి చుక్క అంకెనీ బరువుతో హెచ్చవేసే లెక్క కట్టాలి" అని కాటా దగ్గరికి నడిచి, చీటీ చూసి ఆగింది. "ఇదింకా బాగవలేదా మేస్త్రీ గారూ?"

అయిదు అడుగుల దూరంలో ఉంది కాటా. చీటీ లాగి పారేస్తే సరిపోతుంది. మేస్త్రీ కాలు కదలలేదు.

"యాభై ఏడు పాయింట్ నాలుగు" అంది టీచరమ్మ గర్వంగా. "మా ఆయన కాటా మీద. రాసుకో అమ్మా."

ఆమె రాసుకుంది. టీచరమ్మ కూడా ఒక్క క్షణం చీటీ వైపు చూసి, లోపలికి వెళ్లింది. మందు ఎక్కించాక ఆమెని ఒక్కదాన్నే గంటసేపు కూర్చోబెట్టారు. దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. దళసరి అద్దం ఇవతల నిలబడి మేస్త్రీ చూశాడు. వెలుగవుతున్న మనిషి మామూలుగానే ఉంది. కుర్చీ మాత్రం ఆమెకి పెద్దదైంది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. మొదటి స్కానులో జబ్బు చుక్కకి ఏడున్న అంకె ఇప్పుడు పదిహేను. కొత్తగా ఎముకల్లో మూడు చోట్ల చుక్కలు. మాత్రలు పనిచేయలేదు.

 టీచరమ్మని ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక మేస్త్రీ బుర్రలో ఒక్క మాటే గిర్రున తిరిగింది: ప్రతి అంకెనీ బరువుతో హెచ్చవేస్తారు. దొంగ బరువుతో హెచ్చవేస్తే అంకె కూడా దొంగదే! జబ్బు పెరగలేదు, నా అబద్ధం పెరిగింది. ఆరు నెలల్లో మొదటిసారి ఆయనకి ఊపిరాడింది. తన తప్పు అంత పెద్దదై ఉండాలని ప్రార్థించుకుంటూ మిట్టమధ్యాహ్నం ఆస్పత్రికి పరుగెత్తాడు.

టెక్నీషియన్ ముందు నిలబడి అంతా చెప్పేశాడు. మరలు, అమరిక, చీటీ, అన్నీ. "యాభై ఏడు కాదమ్మా, నలభై ఆరు. మళ్లీ కట్టు లెక్క."

 ఆమె యంత్రంలో అంకె మార్చింది. తెర మీద ఆడమనిషి ఆకారం, లోపల ఎక్కడెక్కడో నిప్పురవ్వలు. అంకె మారింది.

"పన్నెండు" అంది.

"ఏడు కాదా?"

"కాదు."

"సరిగ్గా చూడమ్మా. పదకొండు కిలోల తేడా అది."

"చూశాను. మీ పదకొండు కిలోలకి మూడు అంకెలు తగ్గాయి. మిగతా అయిదూ జబ్బువి."

"మరి ఎముకల్లో చుక్కలు?"

"వాటికి బరువుతో పని లేదు మేస్త్రీ గారూ. అక్కడ వెలుగుంది." ఆమె తెర వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఇది డాక్టరు గారికి చెప్పకుండా నేనుండలేను."

"చెప్పు తల్లీ."

ఆయన తెర మీది రవ్వల్ని చూస్తూ నిలబడ్డాడు. ఒక్కో రవ్వ దగ్గర ఆమెలోని పిసరేదో మాయమై, వెలుగై, బయటికొచ్చి సాక్ష్యం చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ల పాఠం అప్పటికి తలకెక్కింది. ఆయన కాటాకి ఆననిది ఉంది. ఉండి, ఇదిగో, ఇంత వెలుగుతోంది.

వెళ్తూ నడవాలో కాటా మెడ నుంచి చీటీ తెంపేశాడు.

ఇంటికొచ్చేసరికి టీచరమ్మ లేచి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు గ్రాఫు కాగితం. బీరువాకి అంటించిన మూలలు చిరిగి ఉన్నాయి.

"ఎక్కడికెళ్లారు?"

"ఆస్పత్రికి."

"చీటీ తీసేశారా?"

మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మొన్న చూశాను. మీ చేతిరాతే" అంది ఆమె. "నాలుగు నెలలుగా చెడి ఉన్న కాటా, అయిదు అడుగుల దూరంలో. మీరు దాని వంక కూడా చూడలేదు. రైలు వదిలేసిన మనిషి మీరు. ఇంటికొచ్చాక పిన్నిని పిలిచి అడిగాను. ఆవిడ వెళ్లే డాక్టరు కాటా మీద బరువు డెబ్భై మూడు ఎప్పుడూ లేదట."

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నీ మొహం చూడలేకపోయాను. ఆ రోజు, టీ పొంగిపోయిన రోజు."

"నేను తిట్టడం లేదు." ఆమె గొంతు తరగతి గదిలోలాగే నిదానంగా ఉంది. "అసలు అంకెలు మీకు తెలిసే ఉంటాయి. గుర్తున్నాయా?"

"అన్నీ."

"చెప్పండి. నాకు పెన్సిలు పట్టు దొరకడం లేదు, మీరే పెట్టండి. ఎర్రదానితో."

నాలుగో వారం నుంచి మొదలెట్టాడు. అంకె పైకి చెప్పి చుక్క పెట్టాలి. యాభై నాలుగు. యాభై మూడు పాయింట్ ఆరు. యాభై మూడు. మొదటి గీత కింద రెండో గీత పుట్టి, దాన్ని వదిలి దిగిపోవడం మొదలెట్టింది. పదమూడో వారం దగ్గర ఆమె తోలు లేని వేలు ఆనించీ ఆనించకుండా పెట్టింది.

"ఇక్కడ డాక్టరు గారు అడిగారు, ఆపేద్దామా అని. ఆపేయమందామనే వెళ్లాను నేను. పొద్దున్నే అనుకుని వెళ్లాను. నొప్పి భరించలేకపోయాను. అనిపించింది నమ్మకూడదు కదా అని ఈ కాగితం చూశాను. నొప్పి నాకు అనిపించేది. ఇది కొలిచింది. అందుకని ఇదే నమ్మాను."

మేస్త్రీ చేతిలో పెన్సిలు ఆగింది.

"ఇక్కడి నుంచి ఇక్కడికి" అంది ఆమె రెండు గీతల మధ్య ఖాళీ మీద వేలు జరుపుతూ, "ఏముందో చెప్పండి."

"పదకొండు కిలోలు."

"మూడు నెలలు. కిటికీ దగ్గర కూర్చునుండేదాన్ని. టీ గ్లాసు నా చేత్తో పట్టుకునేదాన్ని."

 తప్పయిపోయింది అందామనుకున్నాడాయన.  చిన్నప్పుడు ఆటలో అనేవాళ్లే, తూచ్ అని, అది అనబుద్ధేసింది. ఆమె ఆయన వంక చూసి, తర్వాత గోడ వారగా ఉన్న కాటా వంక చూసింది.

"దాన్ని సరిచేయండి."

బోర్లా తిప్పి నాలుగు మరలూ విప్పాడు. కొట్లోంచి తూకం సరిచూసే రాళ్లు తెచ్చాడు. ఇరవై పెట్టాడు, ఇరవై చూపించే దాకా కదిపాడు. నలభై పెట్టాడు, నలభై. కళ్లు మసకబారి మర గాడిలో పడకపోతే చొక్కాతో తుడుచుకుని మళ్లీ పట్టాడు. ఆమె కుర్చీలోంచి చూస్తూనే ఉంది. పని అయ్యాక చెయ్యి చాపింది. చంకల కింద పట్టి లేపాడు. ఎత్తుతుంటే చేతులకి ఏమీ ఆనలేదు. కాటా మీద నిలబెట్టి, వదిలి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ముట్టుకుంటే తూకం తప్పు వస్తుంది కదా.

"చదవండి. నాకు వంగితే కళ్లు తిరుగుతున్నాయి."

"నలభై అయిదు."

"దశాంశం తర్వాత?"

మిల్లీగ్రాం మేస్త్రీ కాటా మీదికి వంగాడు. అంకె కాసేపు ఊగి, నిలబడింది.

"ఆరు" అన్నాడు.

"పెట్టండి చుక్క" అంది టీచరమ్మ.